కిరాయి ఇంటి గేటు బయట మా సార్

మా సార్ పోయారు. ఆదివారం పొద్దున షాద్‌నగర్‌లో, దవాఖానలోనే గుండె ఆగిపోయింది. నాకు ఫోన్ చేసింది ఆయన భార్య, మేమంతా మేడం అని పిలిచే మనిషి. "సార్ పోయిండు తమ్మీ. ఓనరమ్మ ఇంట్లకు తేవద్దంటాంది. జర జల్ది రా." మొదటి మాటకు ఏడుపు రావాలి. రెండో మాట దాన్ని ఆపేసింది.

కిరాయికున్న మనిషి చచ్చిపోతే శవాన్ని ఆ ఇంట్లోకి రానివ్వరు. ఇంటికి అరిష్టమట. దవాఖాన నుంచి నేరుగా శ్మశానానికి పోవాలి, లేదా రోడ్డు మీద టెంటు కింద పడుకోవాలి. ఇది మామూలే కదా అని తల ఊపకండి. మా సార్ జీవితమంతా పోట్లాడింది ఆ తల ఊపడంతోనే.

దేవరకొండ పక్క పల్లెలో, ఊరికి ఎడంగా ఉండే మాదిగవాడలో పుట్టి, పాలమూరు లా కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. వివక్ష చట్టాల మీద ఆయన రాసిన వ్యాసాలను పెద్ద పెద్ద వకీళ్లు వాడుకున్నారు. పేరు చెప్పకుండా వాడుకున్నవాళ్లే ఎక్కువ. రాజ్యాంగం పదిహేనో అధికరణ చెబుతూ ఒకరోజు క్లాసులో అడిగారు: "దుకాణమున్నది, హోటలున్నది, బాయి ఉన్నది, చెరువున్నది, తొవ్వ ఉన్నది. గీటి కాడ కులం పేరుతోటి ఎవ్వల్ని ఆపొద్దని రాసిండ్రు. ఏది రాయలేదో చెప్పుండ్రి."

మేం పుస్తకాలు తిరగేస్తున్నాం.

"కిరాయి ఇల్లు రాయలే," అన్నారు. "గని టులెట్ బోర్డు కట్టినంక అది దుకాణమే. తొవ్వన పోయేటోళ్లందర్ని రమ్మని పిలిచి, వచ్చినోని కులం అడిగే హక్కు ఏడికెల్లి వచ్చె?"

ఈ ఒక్క మాటను కోర్టు భాషలో నిలబెట్టడానికే ఆయన జీవితం సరిపోయింది. రాజ్యాంగ సభలోనే దుకాణమన్న మాటకు విశాలమైన అర్థం చెప్పారని చర్చలన్నీ వెలికి తీశారు. ఇళ్లను కూడా కలుపుతూ కొత్త పౌరహక్కుల చట్టానికి ముసాయిదా రాసి నాయకుల చుట్టూ తిరిగారు. అందరూ చాయ్ తాగించి పంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ కులమే కారణమని మనం చూపించాలి. ఓనర్లూ తెలివి మీరారు, ఇప్పుడు ఎవడూ కులం పేరెత్తడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, నలభై ఏళ్లు దగ్గరపడుతుండగా నేను ఆయన క్లాసులో చేరాను. మాది గొర్లు కాసే ఇల్లు. ఉద్యమంలో తిరిగిన ఊపు ఇంకా దిగలేదు. సార్ నన్ను చూసినప్పుడల్లా ఒకటే ఎగతాళి: "రాష్ట్రమొచ్చింది వకీల్ సాబ్, మంచిదే. గని కిరాయికి ఇల్లు దొరుకుతదా?"

దొరుకుతుందో లేదో చూడమని మమ్మల్నే పంపారు. షాద్‌నగర్ చుట్టూ కంపెనీలు లేస్తున్నాయి, వీధి వీధికీ టులెట్ బోర్డులు. నన్నూ, సార్ కులానికే చెందిన నా క్లాస్‌మేట్‌నూ ఒకే ఇంటికి విడివిడిగా పంపారు. ముందు అతను వెళ్లాడు. ఓనరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఊర్లె మీ ఇల్లు ఏ దిక్కుకుంటది బిడ్డా?" అని అడిగాడట. అతను చెప్పాడు. "అయ్యో, నిన్ననే ఒకలు అడ్వాన్సు ఇచ్చిపోయిండ్రు." కాసేపాగి నేను వెళితే గదులన్నీ తెరిచి చూపించి, బోరు నీళ్లు తియ్యగుంటాయని గ్లాసు చేతికిచ్చాడు.

ఆ కోపంతో రిపోర్టు నిండా అమానుషం, దుర్మార్గం అని రాసుకొచ్చాను. సార్ ఎర్ర పెన్సిల్ తీసి అన్నీ కొట్టేశారు. "కోపం నీది, నీకాడనే పెట్టుకో. జడ్జికి ఓనరన్న మాట కావాలె. ఎవలకిచ్చిండు, ఎవలకియ్యలే? ఇద్దర్ని పక్కపక్కన నిలవెట్టు." నాకు రాయడం వచ్చిందంటే ఆ పెన్సిల్ పుణ్యమే. దాన్ని తప్పించుకుని ఇంకా కొన్ని విశేషణాలు బతికే ఉన్నాయి, అది నా మొండితనం.

రిటైరయ్యాక, హైదరాబాద్ లైబ్రరీలు దగ్గరని షాద్‌నగర్‌లోనే ఇల్లు వెతికారు. ప్రతి గేటు దగ్గరా లోపల అడుగుపెట్టకముందే తన కులం చెప్పేవారు. ఎందుకు సార్ అంటే, "ముందే చెప్తే పాపం వాళ్లకు అబద్ధమాడే పని తప్పుతది" అనేవారు. చాలా గేట్లు మూసుకున్నాయి. ఈ ఓనరమ్మ మాత్రం కాసేపు ఆలోచించి, "గోడలకు మేకులు కొట్టొద్దు" అని తాళం చేతికిచ్చింది. సార్ ఆ మాటను ఎంత నిష్ఠగా పాటించారంటే, గోడ గడియారం కూడా కిటికీలో కూర్చునే టైము చెప్పేది. ఓనరమ్మ అప్పుడప్పుడు మామిడికాయ తొక్కు పంపేది. సార్ దాన్ని నాకు వడ్డిస్తూ, "నీ ఉపన్యాసాలల్ల గీ తొక్కు ఏడ పడతదో చెప్పు" అనేవారు.

"ఒక్క తొక్కు జాడీ చూసి దేశం మారిందంటరా సార్?"

"దేశం మారిందనలే. ఒక గేటు తెరిచిందన్న. గది గూడ లెక్కల వెయ్యాలె."

ఆదివారం అంబులెన్స్ ఆగింది ఆ గేటు ముందే. నేను చేరేసరికి "బాడీ ఏడ దించాలె సార్?" అని డ్రైవర్ అందరినీ అడుగుతున్నాడు. ఓనరమ్మ గేటు లోపల నిలబడి ఏడుస్తోంది. అది దొంగ ఏడుపు కాదు. "నేనేం జేతు చెల్లే. బిడ్డ పురుటికొచ్చింది. మా పోరగాండ్లు ఒప్పుకుంటలేరు. మీ ఊరికి తీస్కపోండ్రి."

చుట్టాలూ అదే అన్నారు. దేవరకొండకు పోదాం, అక్కడైతే మన జాగా ఉంది. అంటే, చదువుకుని ఏ వాడ నుంచి బయటపడ్డాడో మళ్లీ ఆ వాడకే. మేడం కదల్లేదు. "ఆయన పుస్తకాలు ఈ ఇంట్ల ఉన్నయి. నా పొయ్యి ఈ ఇంట్ల ఉన్నది. ఇంటి ముందట పండవెట్టంది నేను ఏడికీ పంప."

ఎదురింటి ముసలాయన తన గోడ మీద నుంచి వంగి అన్నాడు: "పోయినేడు మీ పై పోర్షన్ల బ్యాంకాయన తండ్రి సచ్చిపోతే, గా వరండలనే పండవెట్టిన్రు గదా వదినే?"

ఓనరమ్మ తల దించుకుంది. "వాళ్లు మావోళ్లు గదా," అంది, మెల్లగా.

ఒకే వరండా, ఒకలాంటి చావు, ఇద్దరు కిరాయిదార్లు. సార్ చెప్పినట్టే పక్కపక్కన నిలబడ్డారు. ఆయన బతుకంతా వెతికిన మాట ఓనరు నోటి నుంచే వచ్చింది. వినవలసిన మనిషి మాత్రం అంబులెన్స్‌లో పడుకుని ఉన్నాడు.

"కేసు వేద్దాం మేడం. గీ మాట చాలు," అన్నాను.

"వెయ్యి తమ్మీ. సాక్ష్యం నేను చెప్త. గని ఎండ మీదికొస్తాంది. ముందుగాల సార్ మీద నీడ పడేటట్టు చూడు."

సంతాపం మెసేజీలతో నా ఫోన్ మోగుతూనే ఉంది. తీరని లోటు, తీరని లోటు. పెట్టినవాళ్లంతా మన ప్రగతిశీల మిత్రులే. సోదరులారా, మీలో ఎంతమందికి పైన కిరాయి పోర్షన్లున్నాయి? ఎవరికిచ్చారు? ఎవరికి లేదన్నారు? సార్‌ను మా వరండాకు తీసుకురండి అని ఆ పూట ఒక్కరైనా అన్నారా? నేను అడిగి చూశాను. ఇంట్లో అడిగి చెప్తామన్నారు. కోపం నీ దగ్గరే పెట్టుకోమన్నారు సార్. ఈ ఒక్కసారికి ఆయన మాట వినను.

గోడకు ఆనించి రోడ్డు మీద టెంటు వేశాం. ఫ్రీజర్ పెట్టె వచ్చింది, సార్‌ను అందులో పడుకోబెట్టాం. దానికి కరెంటు కావాలి. ఎదురింటి నుంచి తెచ్చిన వైరు సగం రోడ్డు దాకే వచ్చింది. ఇంకో వైరు కోసం వెతుకుతున్నాం. అప్పుడు ఓనరమ్మ ఇంటి గోడ మీదుగా ఒక గాజుల చెయ్యి ఎక్స్‌టెన్షన్ బోర్డును మెల్లగా కిందికి వదిలింది. గేటు మాత్రం తెరుచుకోలేదు. ఈ చేతిని ఏ లెక్కలో వెయ్యాలో చెప్పడానికి సార్ లేరు, నాకు తెలియదు.

పెట్టె సన్నగా మోగడం మొదలైంది. సార్ ముఖం మీది అద్దానికి చెమ్మ పట్టింది. మేడం కొంగుతో తుడిచింది. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచింది.