తెర వెనక గొంతు

మా ఆయన ఫోటోలు ఇంట్లో చాలా ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. పోయిన కొత్తలో చెవిలో మోగుతూనే ఉండేది. రానురాను కళ్ళు మూసుకున్నా రావడం మానేసింది. అందుకే, ఈ హిందీ ఊళ్ళో పవర్ హౌస్ దగ్గర తెలుగువాళ్ళ హాల్లో పాత రేడియో రోజుల కార్యక్రమం పెడుతున్నారనీ, అందులో ఆయన ఉన్న టేపు వేస్తారనీ తెలియగానే మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళాను.

అప్పట్లో ఆయనతో ఉక్కు ప్లాంటులో పనిచేసే మనవాళ్ళు ఏడాదికోసారి తెర కట్టి, దాని వెనక మైకు ముందు నిలబడి పాటలు, నాటికలు, సబ్బుల ప్రకటనలు అచ్చం రేడియోలా వినిపించేవారు. చంటిపిల్లలతో నేనెప్పుడూ వెళ్ళలేదు. "అక్కడ నువ్వేటి సేస్తావు?" అని ఆయన్ని అడిగితే, "వైర్లు పట్టుకుంటాను" అనేవాడు.

పాటలయ్యాయి. టేపు వేశారు. బొంగురు గొంతుతో ఒక ఆడమనిషి మొగుణ్ణి తిడుతోంది. జనం పడీపడీ నవ్వుతున్నారు. మొగుడు నోరు విప్పితే అది ఆయనే అయ్యుంటాడని కాచుకుని కూర్చున్నాను. ఆ మొగుడు పలకడే!

"కార్ఖానాకాడ ఇనుం కరిగిస్తావు, ఇంటికాడ బెల్లం పాకం సూడ్లేవేటి?" అందావిడ.

ఆ మాట నాది. అరిసెల పాకం ముదిరిపోయిన రోజు మా క్వార్టర్ వంటింట్లో నేనన్నది. ఆయనా, గోడలూ తప్ప విన్నవాళ్ళు లేరు.

"నానమ్మా, యే తో నువ్వే! బిల్కుల్ నువ్వే!" అని మనవరాలు అరిచింది.

"నాను మైకు ముందు ఎప్పుడు నిలబడ్డానే?" అన్నాను.

టేపు వేసినాయన, మా ఆయనతో ఫర్నేస్‌లో చేసినవాడు, గబగబా వచ్చాడు.

"వదినా, నీకు తెల్దేటి? అది అన్నయ్యే. ఆడగొంతు అన్నయ్యే పెట్టేవోడు. మీ ఇంటి తిట్లన్నీ మాకు నోటికొచ్చు!"

"సచ్చినోడా, ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"సెప్తే నన్నూ తిడతావని."

మళ్ళీ వెయ్యమన్నాను. ఎక్కడో ఒక దగ్గర నవ్వాపుకోలేక అసలు గొంతు బయటపెట్టకపోతాడా అని ఊపిరి బిగబట్టి విన్నాను. పెట్టలేదు మనిషి. నా బొంగురు, నా దగ్గు, అరిచే ముందు నేను లాగే ఊపిరి, అన్నీ ఉన్నాయి. ఆయన లేడు. నా మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాడని కదా నేను అన్నేళ్ళూ అరిచింది! మనవరాలు పదమన్నా కుర్చీలోంచి లేవకుండా, ఇంకోసారి వెయ్యమన్నాను.