సీటొచ్చాక బీఎస్సీ

ఎనభైల మొదట్లో, మేం స్థిరపడ్డ పరాయి దేశంలో, కాలేజీ చివరి ఏడాది జనవరిలో, నాకు మెడికల్ స్కూల్ నుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇస్తున్నామని మూడు లైన్లు. డిగ్రీ పూర్తిచేయాలి, గ్రేడ్లు తగ్గకూడదు అని కింద ఇంకో లైను. నాన్న మొదటి మూడే చదివారు.

నాలుగో లైను మీద నేను వేలు పెట్టి చూపించాను. "డాడీ, గ్రేడ్స్ మెయింటెయిన్ చెయ్యాలంట."

నాన్న నవ్వేశారు. "సీటొచ్చాక బీఎస్సీ ఎవడు చదివాడమ్మా? నాకు గుంటూరులో సీటొచ్చిందని తెలిసిన రోజే బీఎస్సీ పుస్తకాలన్నీ పక్కింటి వాళ్లకిచ్చేశాను."

ఆయన డాక్టరు. చెప్పింది అబద్ధమూ కాదు. ఆయన కాలంలో, ఆయన ఊళ్లో అదే పద్ధతి; డాక్టరీలో చేరడానికి అక్కడ డిగ్రీ అక్కర్లేదు. నేనూ నమ్మాను. నమ్మితే సుఖంగా ఉంది మరి.

అప్పట్లో మా తెలుగు క్రైస్తవులకు అక్కడ చర్చి లేదు. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక. సీటొచ్చినందుకు నేను సాక్ష్యం చెప్పాలన్నారు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పాలి. ఒక ఇంట్లో చెబితే ఇంకో ఊరి వాళ్లు పిలిచారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నాన్న నన్ను తీసుకెళ్లడానికి రెండు గంటలు డ్రైవ్ చేసి కాలేజీకి వచ్చేవారు. సరిగ్గా అప్పుడే నాకు కెమిస్ట్రీ ల్యాబ్. బిల్డింగ్ ముందే కారు ఆపి హారన్ కొట్టేవారు.

"డాడీ, ల్యాబ్ ఉంది," అన్నాను మొదటిసారి.

"దేవుడికి ఒక్క పూట ఇవ్వలేవా?"

మళ్లీ అడగలేదు. అమ్మ పట్టుచీర నేను కట్టుకుని, కార్పెట్ మీద నిలబడి, నా వచ్చీరాని తెలుగులో "దేవుడు నాకు సీట్ ఇచ్చాడు" అనేదాన్ని. ఆంటీలు ఆమెన్ అని బిర్యానీ వడ్డించేవారు. ఆ పొగడ్తలు నాకూ రుచించాయి, దాచడమెందుకు.

మే నెలలో ల్యాబ్ ఫెయిలయ్యాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన హాజరు పట్టీ నా ముందు పెట్టాడు. ఆ ఒక్క కోర్సుతో డిగ్రీ ఆగిపోయింది. జూన్‌లో మెడికల్ స్కూల్ రెండో ఉత్తరం పంపింది. సీటు వెనక్కి తీసుకున్నారు. ఈసారి నాన్న ప్రతి లైనూ చదివారు.

ఆ శుక్రవారం కూడిక మా ఇంట్లోనే. పాటలయ్యాక నాన్న లేచి నిలబడ్డారు. "మా అమ్మాయి చదువు అశ్రద్ధ చేసి, దేవుడిచ్చిన సీటు పోగొట్టుకుంది. ఆమె కోసం అందరూ ప్రార్థన చెయ్యండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ని అప్పుడు క్షమించలేదు. ఇప్పటికీ క్షమించానని చెప్పలేను.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఇచ్చింది దేవుడు, పోగొట్టింది నేను. ప్రతి శుక్రవారం ల్యాబ్ ముందు హారన్ కొట్టిందెవరో ఆ గదిలో ఒక్కరూ అడగలేదు.