నీళ్లు మింగిన ఇంజిను

మొన్నటి వానకు మార్కాపురంలో మా వీధి మలుపు దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. కూరగాయల సంచీ ముందు పెట్టుకుని వస్తుంటే నా స్కూటీ సరిగ్గా ఆ నీళ్ల నడుమ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పక్కన అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు "సెల్ఫ్ కొట్టండి టీచరమ్మా, గట్టిగా కొట్టండి" అని సలహా ఇచ్చారు. నేను కొట్టలేదు. తాళంచెవి తీసి కొంగున ముడేసుకుని, కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, బండిని మెకానిక్ దుకాణం దాకా తోసుకుంటూ పోయాను. ఆ దుకాణం నడిపే అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడే. ప్లగ్గు ఊడదీసి చూసి, "ఇంజిన్లోకి నీళ్లు పోయినాయి టీచర్. సెల్ఫ్ కొట్టినారా ఏంది?" అన్నాడు. లేదన్నాను. "మంచిపని చేసినారు. కొట్టింటే లోపల రాడ్డు వంగిపోయేది. మీకెవరు చెప్పినారు?" అన్నాడు. మా మామయ్య చెప్పాడన్నాను. వాడు నవ్వి పనిలో పడ్డాడు. నేను స్టూలు మీద కూర్చుని, వాన వెలిసిన రోడ్డు వంక చూస్తూ, నా పెళ్లయిన కొత్తలో కంభం చెరువు మీద గడిచిన వేసవిని తలుచుకుంటూ ఉండిపోయాను.

మాది తర్లుపాడు పక్కన ఒక మెట్ట ఊరు. నీళ్లంటే నాకు బిందెల్లో తెలుసు, బొక్కెనలో తెలుసు, అంతకు మించి తెలియదు. పెళ్లయి చెరువు ఒడ్డున ఉన్న అత్తగారింటికి వచ్చినప్పుడు, కట్ట ఎక్కి ఆ నీళ్లు చూసి, ఇన్ని నీళ్లు ఒకేచోట ఉంచుకుని వీళ్లు ఏం చేసుకుంటారా అనుకున్నాను. మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని. ఆదివారం వచ్చి సోమవారం పోయేవాడు. ఇంట్లో ఉండేది మామయ్య, అత్తమ్మ, నేను. మామయ్య నాతో మాట్లాడేవాడు కాదు. కోపం ఉండి కాదు, ఆ ఇంటి మర్యాద అట్లాంటిది. మామ కోడలితో నేరుగా మాట్లాడకూడదు, కోడలు మామ ఎదుట నిలబడకూడదు. నేను గడపకు ఇవతల మంచినీళ్ల చెంబుతో నిలబడి ఉంటే, ఆయన అవతల నుంచి అత్తమ్మతో, "కోడల్ని మంచినీళ్లు తెమ్మను" అనేవాడు. అత్తమ్మ నా వైపు తిరిగి, "మీ మామకు మంచినీళ్లంట" అనేది. నేను చెంబు ఆమెకిస్తే ఆమె ఆయనకు ఇచ్చేది. మూడు అడుగుల దూరానికి ఇంత ప్రయాణం.

మామయ్య వయసులో ఉండగా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయిల్ ఇంజిన్ల మెకానిక్కు. బావుల మీద కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. ఎవరో రైతు వద్దని పారేసిన ఒక డీజిల్ ఇంజిన్ని ఇంటికి తెచ్చుకుని, ఏడాది పాటు దాంతో కుస్తీ పట్టి, చివరికి ఒక పాత చెక్క పడవకు బిగించాడు. అది నడిచేటప్పుడు వచ్చే డబడబ శబ్దం చెరువు ఇవతల మొదలైతే అవతలి కొండకు తగిలి మళ్లీ వినపడేది. వేసవి సెలవుల్లో గిద్దలూరు నుంచి, మార్కాపురం నుంచి చెరువు చూడడానికి వచ్చే కుటుంబాలను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చేవాడు. నల్లమల కొండల నడుమ, చల్లటి గాలిలో, బండెడు పొగతో ఆ షికారు జనానికి భలే నచ్చేది.

నేను అప్పట్లో టీచర్ ట్రైనింగ్ ఎంట్రన్సుకు చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కొంచెం ఎక్కువే. వేసవికి ఆడబిడ్డ తన పిల్లలతో దిగింది. ఇంట్లో పుస్తకం తెరిస్తే దాని మీద ఎవరో ఒకరు మామిడిపండు పెట్టేవారు. గడ్డివామి వెనక నీడలో కూర్చుని చదువుకుంటుంటే మామయ్య కంట పడ్డాను. లేచి పరుగెత్తాను. ఆ సాయంత్రం ఆయన అన్నం తింటూ, అత్తమ్మతో కూడా కాదు, గోడతో అన్నాడు: "తెల్లారుజామున చెరువు మీద చల్లగా ఉంటది. సందడి ఉండదు. చదువుకునేటోళ్లు ఎవరన్నా ఉంటే పడవలో కూచుని చదువుకోవచ్చు." గోడ ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం, "మామాకోడళ్లు ఇద్దరే పడవలో పోతే ఊరు నవ్వదా? నేనూ వస్తా" అంది.

ఆశ్చర్యమేమంటే అత్తమ్మకు నీళ్లంటే ప్రాణభయం. పడవ నట్టనడుమ కూర్చుని, రెండు చేతులతో బల్లను పట్టుకుని, ఒడ్డు వదిలినప్పటి నుంచి మళ్లీ ఒడ్డు చేరేదాకా కేకలు పెట్టేది. "అయ్యో అయ్యో, ఎడమ పక్క రాయి! కొడతాం, కొడతాం! ఓరి నాయనో, ఆ మాను చూడు ముందర! కుడికి తిప్పవయ్యా!" మామయ్య, "ఉండవే, నాకు తెలియదా చెరువు" అని విసుక్కుంటూనే తిప్పేవాడు. వేసవిలో చెరువు రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి నిన్న కనిపించని రాళ్లు ఇవాళ తలలు బయటపెట్టేవి. నడి చెరువులో ఇంజిన్ ఆపేసేవాడు. అప్పుడు అత్తమ్మ కేకలు కూడా ఆగేవి. ఆమె ఒళ్లో చింతచిగురు పోసుకుని ఈనెలు తీసేది. మామయ్య చుట్ట వెలిగించుకుని నా వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. నేను చదువుకునేదాన్ని. నీటికోళ్లు అరిచేవి, పడవ కింద నీళ్లు మెల్లగా తట్టేవి. అంత బాగా నేను మళ్లీ ఎక్కడా చదవలేదు. తర్వాత ఎండెక్కాక జనం వచ్చినప్పుడు కూడా అత్తమ్మ పడవ దిగేది కాదు. ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతానని గంప పట్టుకుని కూర్చునేది. "ఇంత భయముంటే ఎందుకొస్తావమ్మా?" అని వచ్చినవాళ్లు నవ్వితే, "మా ఆయన చేతిలో మీ ప్రాణాలుండాయి, నేను లేకుంటే ఎట్ల?" అని తనూ నవ్వేది.

మే నెలలో ఒక సాయంత్రం నల్లమల మీద నుంచి గాలివాన దిగింది. రేకులు లేచిపోయాయి, చింతకొమ్మలు విరిగిపడ్డాయి. తెల్లారి కట్ట దగ్గరికి పోయి చూస్తే పడవ కట్టిన తాడు ఉంది, పడవ లేదు. తాడు నీళ్లలోకి పోయి ఉంది. అలలకు పడవ నిండి, ఒడ్డునే మునిగిపోయింది. చేపలు పట్టేవాళ్లు నలుగురు దిగి లాగితే ఇంజిన్ తల ముందు బయటికి వచ్చింది, దాని గొట్టంలోంచి నీళ్లు కారుతూ. మామయ్య దాని పక్కన కూర్చున్నాడు. తువ్వాలు తీసి ఇంజిన్ని తుడవడం మొదలుపెట్టాడు, వానలో తడిసిన పిల్లవాణ్ణి తుడిచినట్టు. లాగినవాళ్లలో ఒకాయన ఉత్సాహంగా హ్యాండిల్ అందుకుని, "ఒకసారి తిప్పి చూద్దాం మామా, ఆడుతదేమో" అన్నాడు. మామయ్య ఒక్క అరుపు అరిచాడు. "తిప్పొద్దురా! లోపల నీళ్లుండాయి. నొక్కితే గాలైతే నలుగుతది, నీళ్లు నలగవు. తిప్పితే రాడ్డు వంగిపోతది." ఆయన గొంతు అంత పెద్దగా నేను అంతకు ముందు వినలేదు.

పడవను మా ఇంటి వెనక వేపచెట్టు కిందికి చేర్చారు. మామయ్య పని మొదలుపెట్టాడు. అడుగున బోల్టు విప్పితే ముందు నీళ్లు వచ్చాయి, వెనక నల్లటి ఆయిల్ వచ్చింది. డీజిల్ చిమ్మే నాజిల్ ఊడదీసి, అప్పుడు మెల్లగా హ్యాండిల్ తిప్పితే ఆ కన్నంలోంచి నీళ్లు పిచికారీలాగా ఎగిరి అత్తమ్మ శనక్కాయల గంప మీద పడ్డాయి. ఆమె తిట్టింది. ట్యాంకులో డీజిల్‌ను ఒక గాజు సీసాలోకి వంచి కాసేపు కదలకుండా ఉంచాడు. నీళ్లు కలిసి ఉంటే అడుక్కి దిగుతాయి, డీజిల్ పైకి తేలుతుంది. ఆ తర్వాత సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని చూసి, "తేటగా ఉండాది. నీళ్లు లేవు. ఇది పోసేయొచ్చు" అన్నాడు.

నేను చెట్టు అవతలి పక్క నిలబడి ఉన్నాను. సీసా అడుగున వేలెడు మందాన తెల్లటి నీళ్లు, వాటి మీద పసుపుపచ్చ డీజిల్, రెంటికీ నడుమ గీసినట్టు గీత. ఎవరికైనా కనబడుతుంది. అత్తమ్మతో చెప్పించే వ్యవధి లేదు, ఆయన సీసా వంచుతున్నాడు. "మామా, పోయొద్దు! నీళ్లున్నాయి!" అనేశాను.

ఆయన చెయ్యి ఆగింది. నేను ఆ ఇంట్లో ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. తిరిగి నా వైపు చూశాడు. చూశాడు అంటున్నాను కానీ, ఆ చూపు నా భుజం పక్కన ఎక్కడో ఆగిపోయింది. "ఎక్కడ?" అన్నాడు. దగ్గరికి పోయి సీసా మీద గీత ఉన్నచోట వేలు పెట్టాను. ఆయన సీసాను కంటికి ఆనించుకున్నాడు, దూరం పెట్టి చూశాడు, మళ్లీ ఆనించుకున్నాడు. చివరికి సీసా కింద పెట్టి, రాయి మీద కూర్చుని, చాలా మెల్లగా అన్నాడు. "కళ్లకు పొరలు కమ్మినాయమ్మా. మనుషులు మసక మసకగా ఉండారు. ఎవరితో అనొద్దు. తెలిస్తే ఈ పడవ ఎవరూ ఎక్కరు. మీ అత్తతో అసలే అనొద్దు."

అత్తమ్మ రెండు బారల దూరంలో గంప కడుక్కుంటోంది. తల ఎత్తకుండానే, "నాకు తెలుసులే" అంది. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మామయ్య. "చెంబులో నీళ్లుండాయో లేదో వేలు పెట్టి చూసుకుంటాంటివే, అప్పటి నుంచి." "మరి అడగలేదేమే?" "నువ్వు చెప్పలేదు కదా. దాచుకున్నది నేనెందుకు అడగాల?"

ఎడమ పక్క రాయి, ముందర మాను, కుడికి తిప్పవయ్యా! ఆ వేసవి పొద్దుటి కేకలన్నీ నా చెవుల్లో మళ్లీ మోగాయి. ఊరు నవ్వుతుందని కాదు, శనక్కాయలు అమ్ముకోవడానికీ కాదు, ఆమె పడవ ఎక్కింది ఆయనకు కళ్లుగా ఉండడానికి. ఆయన గుడ్డితనం బయటపడకుండా, జనం ప్రాణానికి ముప్పు రాకుండా, పిరికిదానిలాగా అరుస్తూ దారి చెప్పింది. ఆ సంగతి ఆ క్షణాన మామయ్యకు కూడా అర్థమైనట్టుంది. ఆయన ముఖం ఎర్రబడింది. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "మామా, అత్త ఒకరోజు రాలేకపోతే? ఆమెకు జొరమొస్తే? మీ కళ్లు బాగయ్యేదాకా జనాన్ని ఎక్కించుకోవద్దు. ఆపరేషన్ చేయించుకోండి" అన్నాను. ఆయన లేచి కట్ట వైపు వెళ్లిపోయాడు. అత్తమ్మ మాత్రం, "నేను అనలేనిది నువ్వు అంటివి. కూచో, కాయలు తిను" అని గుప్పెడు శనక్కాయలు చేతిలో పోసింది.

పొద్దు వాలేటప్పుడు మామయ్య తిరిగి వచ్చాడు. ఇంజిన్ పక్కన కూర్చుని, గోడ కోసం చూడకుండా, అత్తమ్మ కోసం వెతక్కుండా, నన్నే పిలిచాడు. "అమ్మాయ్, రా. కళ్ల సంగతి తర్వాత. ముందు నీ కళ్లతో ఈ ఇంజిన్ని బాగుచేద్దాం." కొత్త ఆయిల్ కొంచెం పోసి, హ్యాండిల్ తిప్పించి, మళ్లీ దించాడు. "ఏ రంగుండాది?" "టీ లాగా ఉంది మామా. పాలెక్కువైన టీ." "ఇంకా నీళ్లుండాయి. మళ్లీ పోసి చూద్దాం." మళ్లీ పోశాం, మళ్లీ దించాం. పాలు తగ్గాయి. మర్నాడు మళ్లీ. చివరికి తెలుపన్నది లేకుండా ఆముదంలాగా చిక్కగా దిగింది. నా చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఆదివారం ఇంటికి వచ్చిన మా ఆయన, తండ్రీ పెళ్లామూ ఎదురెదురుగా కూర్చుని స్పానర్ సైజు గురించి వాదించుకుంటుంటే చూసి, తప్పు ఇంటికి వచ్చానేమో అన్నట్టు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ సాయంత్రమే ఇంజిన్ పలికింది. ముందు తెల్లటి పొగ, తర్వాత రెండు దగ్గులు, ఆ తర్వాత డబడబ. మామయ్య దాని మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని విన్నాడు.

గిద్దలూరులో కంటి ఆపరేషన్లు చేస్తున్నారంటే నేనూ అత్తమ్మా తీసుకుపోయాం. ఆయన దారి పొడుగునా బస్సు ఇంజిన్లో ఏదో లోపముందని ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు, భయం కనపడకుండా. కట్టు విప్పిన రోజు ముందు అత్తమ్మను చూసి, "జుట్టు ఇంత తెల్లబడిందేందే?" అని నొచ్చుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను తేటగా చూడనేలేదని నాకు అప్పుడు తట్టింది. చాలాసేపు చూసి, "ఇంత చిన్నపిల్లవా నువ్వు! ఆ హ్యాండిల్ నీతో తిప్పించినానే" అన్నాడు.

మిగిలిన వేసవంతా తెల్లారుజామున మళ్లీ పడవలో చదివాను. ఎంట్రన్సులో సీటు వచ్చింది. తర్వాత యర్రగొండపాలెం పక్కన అడవి అంచున ఒక చిన్న బడిలో మొదటి ఉద్యోగం. నన్ను ఆ బడి గుమ్మం దాకా దిగబెట్టింది మామయ్యే. నా జీతం, నా జీవితం, నలుగురి ఎదుట నిలబడి మాట్లాడగలిగే ఈ గొంతు, అన్నీ ఆ పడవలోనే నాకు దొరికాయి. చెరువు నిండిన ఏళ్లు వచ్చాయి, నెర్రెలు విచ్చిన ఏళ్లూ వచ్చాయి. అట్లాంటి ఒక ఎండు సంవత్సరంలో పడవను బోర్లించి కోళ్ల గూటికి కప్పుగా వేశారు. మామయ్య పోయాక అత్తమ్మ నా దగ్గరే ఉంది.

ఒకసారి ఆమెకు తల దువ్వుతూ అడిగాను. "అత్తా, ఆ కేకలన్నీ దారి చెప్పడానికే కదా. నిజానికి నీకు నీళ్లంటే భయం లేదు కదూ?" ఆమె నా చెయ్యి ఆపి, వెనక్కి తిరిగి, వింతగా చూసింది. "భయం లేకపోవడమేంది? చచ్చేంత భయం. నాకు ఈత రాదు కదా." అని మళ్లీ దువ్వమన్నట్టు తల తిప్పుకుంది. అప్పుడు నవ్వేశాను. ఆ మాట ఎంత పెద్దదో తెలియడానికి నాకూ ఆ పడవ ఎక్కిననాటి ఆమె వయసు రావలసి వచ్చింది.