వేడి చేసే చారు

ఉలవల చారు పెట్టడంలో నాకు కాస్త పొగరే ఉండేది. ధర్మవరంలో మేమున్న వీధిలో నా అంత బాగా పెట్టేవాళ్లు లేరని నాకు నేనే చెప్పుకొని తిరిగేదాన్ని. బత్తలపల్లె నుంచి మా నాయన, ఎద్దులకని పండించిన ఉలవల్లో నాకూ ఒక సంచి పంపేవాడు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా ఉలవలు నాలుగు గింజలన్నా చేతికొచ్చేవి. ముందురోజే నానబెట్టి, ఆదివారం పొద్దున్నే కట్టెల పొయ్యి మీద పెట్టేదాన్ని. గింజ మెత్తబడ్డాక ఆ నీళ్లను వేరే గిన్నెలోకి వంచుకోవాలి. దాన్నే మేం కట్టు అంటాం. పిడికెడు ఉడికిన ఉలవలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు నూరి కట్టులో కలిపి, చింతపులుసు పోసి, చిక్కబడేదాకా మరిగించాలి. తొందరపడితే పచ్చివాసన పోదు.

ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను చేసేది పదిమందికి. "హోటలన్నా పెట్టుకో, పేరొస్తాది" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నలుగురు స్నేహితుల ఇళ్లకు గిన్నెలు పోయేవి. మొదటి గిన్నె ఎప్పుడూ వెనక వీధిలో ఉన్న స్నేహితురాలికి. వాళ్లది పట్టుచీరల మగ్గం. మొగుడు నేస్తుంటే ఆమె పట్టుదారం కండెలకు చుట్టి అందించేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. గిన్నె అందుకుని, నేను అక్కడుండగానే ఒక గ్లాసు పోసుకుని నిలబడే తాగేసేది. అది చూస్తే నా పొగరు ఇంకొంచెం పెరిగేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వానలు లేవు, నేతకు పని లేదు. వీధిలో మగ్గాల చప్పుడు తగ్గిపోయింది. వాళ్ల మగ్గమూ ఆగింది. అడిగితే "మళ్లా మొదలుపెడతాంలేక్కా" అనేది. నేనూ సరే అనుకున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం వాళ్ల అత్త మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏమ్మే, నీకు వేరే పని ల్యాదా? నీ ఉలవల చారే మా కోడలి కడుపు తీసింది!"

రెండో నెలలోనే పోయిందట. అసలు నెల తప్పిన సంగతే నాకు తెలియదు. మూడు నెలలు నిండేదాకా మావాళ్లు ఎవరికీ చెప్పరు, దిష్టి తగులుతుందని. ఉలవలు వేడి చేస్తాయని, కడుపుతో ఉన్నవాళ్లకు పెట్టకూడదని మాత్రం అందరూ అంటారు. నెల తప్పిన సంగతి చెప్పలేక, నేనిచ్చింది వద్దనలేక తాగి ఉంటుందని అనిపించింది. మామూలుగా నన్ను ఒక మాట అంటే నేను రెండు అంటాను. ఆ రోజు లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

తెలిసిన డాక్టరమ్మను అడిగాను. "ఉలవలతో పోయిందనేది వట్టిమాట. ముందు మనిషి ఒంట్లో సత్తువుండాల గదా" అంది. మొదటి మాటను నమ్మలేకపోయాను. రెండో మాటను వినిపించుకోనే లేదు.

ఆ తర్వాత చారు పెట్టలేదు. ఆమెను చూసి రావాలని ఒకసారి బయల్దేరి, వాళ్ల అత్త గడపలో కనిపిస్తే వెనక్కి వచ్చేశాను. ఆ వీధి వైపు పోవడమే మానుకున్నాను. ఎక్కడ ఎదురుపడుతుందోనని కూరగాయలకు కూడా చుట్టు తిరిగి పోయేదాన్ని. నా గొప్పకోసం ఒక బిడ్డను పోగొట్టానని కుమిలిపోయాను. అట్లా ఏడాది దాటింది.

చివరికి బస్టాండులో నా స్నేహితురాలికి దొరికిపోయాను. మొగుడూ పెళ్లాం మూటలతో నిలబడి ఉన్నారు. బెంగళూరుకు, కట్టడం పనులకు. మనిషి సగమైపోయింది. నన్ను చూసి తనే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమక్కా, కనపడకుండా పోయినావే?"

అంతమందిలో ఏడ్చేశాను. "నాకు తెలిసింటే పంపేదాన్ని కాదు మే. నా చారే నీ బిడ్డను..."

"అట్లనద్దు. వేడని నాకు తెల్దా? తెలిసే తాగినా. మగ్గం నిలిచినప్పటి నుంచి మా ఇంట్లో ఒక పూటే కూడు. నీ చారొస్తాదని ఆదివారం కోసరం కాసుకోనుంటి. మా అత్త గూడా ఆ గిన్నెలోదే తాగుతాండె. కడుపుమంటతో అరిచిందిలే."

"నామీద కోపం రాల్యా?"

"వచ్చింది. నువ్వు ఆపేసినావు చూడు, దానికొచ్చింది."

బస్సు కదిలే వేళకు మొగుడు పిలిచాడు, ఆమె వెళ్లి ఎక్కింది. నాయన ఆ ఏడాది కూడా ఉలవలు పంపాడు. ఆదివారం కోసం కాసుకునే మనిషి ఊళ్లో లేదు, వాటిని నేను పక్కింటి బర్రెకు పెట్టాను.