నారాయణగూడ మైదానంలో అరిచిన మాట

మా వైపు నుంచి హైదరాబాదుకు చదువుకోవడానికి వచ్చినవాళ్ళు చార్మినారు చూస్తారు, ట్యాంక్‌బండ్ మీద గాలి పీలుస్తారు, ఊరికి వెళ్ళి ఆ రెండింటి గురించే చెబుతారు. నేను చెప్పబోయే ప్రయాణం అంత దూరం కూడా లేదు. అశోక్‌నగర్‌లో మా గది నుంచి బయలుదేరి, చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా నడిచి, సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చాం. అయినా ఆ రాత్రి పడుకునేటప్పుడు, ఊరి నుంచి వచ్చి రైలు దిగిన రోజు కంటే ఎక్కువ అలసిపోయి ఉన్నాను. వేసవిలో ఇక్కడ జరిగే కబడ్డీ పోటీలు చూడాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

కారణం రమణ. నేనూ రమణా ఒకే గదిలో ఉంటాం, ఇద్దరం గుంటూరు వైపు అమ్మాయిలమే. నాకు ఈమధ్య మాటల పిచ్చి పట్టుకుంది. చిక్కడపల్లి పెద్ద లైబ్రరీలో నిఘంటువు ముందు కూర్చుంటే భోజనం సంగతి కూడా గుర్తుండదు. రమణకు చిన్నప్పటి నుంచీ కబడ్డీ పిచ్చి. జట్టులో కూతకు వెళ్ళే పని తనది. అంటే కబడ్డీ కబడ్డీ అంటూ ఒక్క ఊపిరితో అవతలి వాళ్ళ మీదికి పోయి, ఒకరినైనా తాకి, ఊపిరి తెగేలోపు గీత దాటి వెనక్కి రావాలి. ఈ ఏడు నగర జట్టులో పేరు రాకపోతే ఆట మానేసి పుస్తకాలు పట్టుకుంటానని వాళ్ళ నాన్నకు మాట ఇచ్చింది. ఆ జట్టును ఎంపిక చేసేది నారాయణగూడ పోటీల్లోనే. ఆ శనివారం తనకు రెండు ఆటలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఏడింటికల్లా గది తాళం వేశాం. అప్పటికే ఎండ వీపు మీద చెయ్యి వేసినట్టుంది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. రమణ రెండు తిని చాలంది. కూతకు వెళ్ళేవాళ్ళ కడుపు తేలికగా ఉండాలట. కాళ్ళు ఇప్పటి నుంచే అలిసిపోకూడదని నేను ఒక ఆటోను ఆపి నారాయణగూడకు వస్తావా అని అడిగాను. డ్రైవరు రమణ బూట్లనూ సంచీనీ చూసి నవ్వాడు.

"ఆడనీకి పోతున్నరా? గీ నాలుగడుగులకు ఆటో ఎందుకమ్మ, నడుచుకుంట పోండ్రి. గెలిచినంక రాండ్రి, అప్పుడు కూసోబెడ్త."

సుల్తాన్ బజార్ వైపు వెళ్ళే బస్సు ఎక్కితే నారాయణగూడలో దిగవచ్చు. కానీ ఆ వేళ వచ్చిన బస్సులన్నీ మెట్ల దాకా నిండిపోయి ఉన్నాయి. నడిచాం. తీరుబడిగా నడిస్తే అరగంట కూడా పట్టదు. దారిలో రమణ ఎక్కువ మాట్లాడలేదు. నిఘంటువులో నిన్న చూసిన మాటలు ఒక్కొక్కటీ చెబుతూ నేనే మాట్లాడాను. 'ఊరట' అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పాను. సరే నోటికి కొంచెం ఊరట ఇవ్వవే, అంది.

పొద్దుటి ఆట గురించి పెద్దగా చెప్పక్కరలేదు, ఎందుకంటే అంతా బాగా జరిగింది. రమణ కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని తాకి వచ్చింది. మైదానం చుట్టూ ఉన్న కొద్దిమందీ లేచి చప్పట్లు కొట్టారు. ఎంపిక చేసే వాళ్ళలో ఒకాయన తన పేరు అడిగాడు. ఆయన అడగడం నేను నా చెవులతో విన్నాను, రమణకు చెప్పాను. తను నవ్వలేదు. సాయంత్రం ఉంది కదా, అంది.

ఆ మధ్యాహ్నమే మమ్మల్ని తినేసింది. గదికి వెళ్ళి వద్దామంటే మళ్ళీ ఆ ఎండలో నడక. మైదానంలో నీడ ఒక్క గోడ పక్కనే ఉంది, అదీ గంట గంటకూ జరుగుతూ ఉంటుంది. దానితో పాటు మేమూ సంచులు మోసుకుంటూ జరిగాం. తెచ్చుకున్న పెరుగన్నం పులిసింది. రమణ తడి తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకుంది గానీ నిద్రపోలేదు. పొద్దుటి ఆటలో ఎవరో పట్టి లాగిన భుజం వాచింది. తను అనలేదు. నేను చూశాను.

నాలుగు గంటలకు జనం రావడం మొదలైంది. వీళ్ళెవరూ పొద్దున లేరు. నా పక్కన గొడుగు మడుచుకుంటూ ఒక పెద్దాయన కూర్చున్నారు. పేరు నర్సింగరావు గారు, తాతల నాటి నుంచి చిక్కడపల్లిలోనే ఉంటున్నారట, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఈ మైదానంలో ఏ ఆట జరిగినా వస్తారట. రోడ్డు వైపు గోడ మీద కాలేజీ కుర్రాళ్ళు వరసగా ఎక్కి కూర్చున్నారు. వాళ్ళకు ఎదురుగా, మైదానం అవతల, సగం కట్టిన భవనం ఒకటి ఉంది. పాలమూరు నుంచి పనికి వచ్చిన కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్ళే, దాని ముందు ఇసుక కుప్పల మీద కూర్చుని చూస్తున్నారు.

ఆట మొదలైంది. రమణ మొదటి కూతలోనే ఊపిరి తెగిపోయింది. గీతకు జానెడు దూరంలో నోట్లో మాట ఆగిపోయింది. తరవాతి కూత కూడా అంతే. ఆ తరవాత అవతలి జట్టు పిల్లలు వాచిన భుజాన్నే పట్టుకుని కింద పడేశారు. తను లేచి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. పొద్దున చూసినవాళ్ళకైతే ఇది అలుపు అని తెలిసేది. వీళ్ళకు కనిపించింది ఆడలేని ఒక అమ్మాయి, అంతే.

గోడ మీద నుంచి మొదలైంది. ముందు ఒక్కడు "ఊ..." అని గొంతు సాగదీశాడు. తరవాత గోడంతా అందుకుంది. అది తగ్గకముందే ఎదురుగా ఇసుక కుప్పల వైపు నుంచి ఇంకో అరుపు వచ్చి దానిలో కలిసింది. "ఊ...కో... ఊ...కో..." పదిమంది ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా. రెండు వైపుల నుంచీ ఆ అరుపుల మధ్య రమణ ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, తల దించుకుని బయటికి నడిచింది.

ఇలా గేలి చేయడం న్యాయమేనా అని నర్సింగరావు గారిని అడిగాను. కోపంతో అడిగానని ఆయనకు తెలిసింది. అయినా నెమ్మదిగానే జవాబు చెప్పారు. నాటకం బాగా లేకపోతే జనం లేచిపోతారు, పాట బాగా లేకపోతే ఆపమంటారు, ఆటకు మాత్రం ఆ బాధ ఎందుకు ఉండకూడదన్నారు. అన్నిటికీ చప్పట్లు కొట్టే ఊరిలో చప్పట్లకు విలువ ఉండదన్నారు.

"చప్పట్లు గొట్టేటోనికి హూట్ చేసే హక్కు గూడ ఉంటదమ్మ. తప్పు ఆడినా మనం ఊకుంటె, వాళ్లు ఎట్ల బాగుపడ్తరు?"

పొద్దుటి ఆట చూశారా అని అడిగాను. చూడలేదన్నారు. మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా అలా అన్నారా అని కూడా అడిగేశాను. పెద్దవాళ్ళను అడగవలసిన మాట కాదు, అలసట అడిగించింది. ఆయన గొడుగు పిడితో మైదానం వైపు చూపించారు.

"అన్నరు. ఈ గ్రౌండ్లనే. ఫుట్‌బాల్ ఆడేటోణ్ణి."

"తరవాత బాగా ఆడారా?"

"తర్వాతనా? తర్వాత నౌకరి దొరికింది."

సగం ఆట అయ్యాక విరామం ఇచ్చారు. రమణ గోడ వారన మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి తల ఎత్తింది. ముఖమంతా దుమ్ము, ఆ దుమ్ములో కన్నీటి చారలు.

"నేనిక దిగనే. ఇంకొకర్ని దింపుకోమను. గోడ మీద వాళ్ళంటే వాళ్ళు అల్లరి వెధవలు. ఆ ఆడవాళ్ళకు నేనేం చేశాను? కోడి కూసినట్టు కూస్తున్నారు నన్ను చూసి."

దిగకపోతే ఎంపిక సంగతి అక్కడితో సరి. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి నేను అనలేదు. మంచినీళ్ళు తెస్తానని చెంబు తీసుకుని లేచాను. నీళ్ళ డ్రమ్ము భవనం దగ్గరే ఉంది. నాకూ ఆ కూలీల మీద కోపంగానే ఉంది. వెళ్ళి ఏదైనా అనాలనే అనుకున్నాను, లైబ్రరీలో నేర్చుకున్న మాటల్లో పదునైనవి ఒకటి రెండు పోగేసుకున్నాను కూడా.

నేను డ్రమ్ము కుళాయి కింద చెంబు పెట్టి నీళ్ళు పడుతుంటే ఇసుక కుప్ప మీద నుంచి ఒక చిన్నపిల్ల జారి పడి గట్టిగా ఏడుపు అందుకుంది. వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుంది, వీపు నిమిరింది.

"ఊకో బిడ్డ. ఊకో. ఊకో."

చెంబు నిండి నీళ్ళు నా చెయ్యి మీదుగా పోతున్నాయి. నేను అలాగే నిలబడ్డాను. పిల్ల ఏడుపు తగ్గాక, అక్కా, ఇందాక మా రమణను చూసి అరిచింది మీరేనా అని అడిగాను. ఆమె పేరు బాలమ్మ. నిన్న భవనానికి స్లాబు పోశారట, అది ఆరేదాకా ఇవాళ పని లేక అందరూ ఆట చూస్తున్నారట.

"మేమే అరిచినం. గా పిల్ల ఏడ్సుకుంట పోతలేదా? మీకు కండ్లు కానొస్తలేవా ఏంది? ఊకో అన్నం. ఇంకేమంటరు?"

ఆమె పిల్లను భుజం మార్చుకుని నా వైపు తిరిగింది.

"మీ దిక్కు ఏడ్సేటోళ్లను ఏమంటరమ్మ?"

"ఊరుకో అంటాం."

"గదే గద."

అదే మరి. మధ్యలో ఒక్క 'రు' జారిపోయింది. పొద్దున దారి పొడుగునా 'ఊరట' గురించి ఉపన్యాసం ఇచ్చినదాన్ని, ఊరుకో అని ఓదారిస్తే కోడి కూత అనుకున్నాను. నర్సింగరావు గారు ఇందాక "ఊకుంటె" అన్నప్పుడు కూడా చెవికి అందలేదు.

రమణకు నీళ్ళిచ్చి జరిగింది చెప్పాను. తను నా ముఖంలోకి చూసింది. నిజంగానే అన్నారా, నన్ను దింపడానికి కల్పిస్తున్నావా అంది. మాటల విషయంలో నేను కల్పించను అన్నాను. మరి గోడ మీద వాళ్ళో అని అడిగింది. వాళ్ళు నిన్ను గేలే చేశారు, వాళ్ళది ఉత్త 'ఊ' అని చెప్పాను. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. రమణ సగం నీళ్ళు తాగింది, సగం తల మీద పోసుకుంది, వెళ్ళి గీత దగ్గర నిలబడింది.

తరవాతి సగంలో అద్భుతాలేమీ జరగలేదు. రమణ ఇద్దరు ముగ్గురిని తాకి వచ్చింది. మళ్ళీ ఒకసారి ఊపిరి తెగింది, మళ్ళీ రెండు వైపుల నుంచీ అరిచారు. ఈసారి తను ఇసుక కుప్పల వైపు తిరిగి చెయ్యెత్తింది. బాలమ్మ వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. ఆట ఓడిపోయాం. పొద్దు గుంకే వేళ ఎంపికైన పేర్లు చదివారు. రమణ పేరు లేదు. పొద్దున తన పేరు అడిగిన ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

తిరుగు దారి నడకే. ఆటోవాళ్ళు పిలిచారు గానీ, గెలిచాక ఎక్కుదామనుకున్నది ఓడి ఎక్కాలనిపించలేదు. చిక్కడపల్లిలో మూసి ఉన్న ఒక బట్టల కొట్టు మెట్ల మీద రమణ ఉన్నట్టుండి కూర్చుంది. బూట్లు విప్పేసింది. అప్పుడు ఏడ్చింది, మైదానంలో ఏడ్చినట్టు కాదు, గొంతు విప్పి. దారిన పోయేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను.

"ఊకో," అన్నాను.

రమణ ముక్కు తుడుచుకుంది. "నీ 'రు' ఏమైందే?"

"నారాయణగూడలో పడిపోయింది."

"పోనీలే. వెతకడానికి మళ్ళీ అంత దూరం నడవలేను," అంటూ ఏడుపులోనే నవ్వింది. కాసేపటికి బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్ళతో గది దాకా నడిచింది.

మర్నాడు పొద్దున రమణ పరుగుకు లేవలేదు. ఆ తరవాతి రోజు లేచింది. మీ నాన్నకు ఏం చెబుతావని నేను అడగలేదు.

సరిగ్గా ఆడని వాళ్ళను చూసి జనం గేలి చేయవచ్చా అన్న ప్రశ్న నాకింకా పూర్తిగా తేలలేదు. నర్సింగరావు గారి మాటను తీసిపారేయలేను, చూడటానికి వచ్చినవాడికి బాగా లేదని చెప్పే హక్కు ఉంది. కానీ అలా అనిపించుకున్నాక ఆయనకు దొరికింది నౌకరి. బాగుపడటం గురించి ఆయన ఏమీ చెప్పలేదు. గేలి, హేళన, ఎగతాళి, వెక్కిరింత అంటూ లైబ్రరీలో ఎన్ని మాటలు వెతికినా వాటిలో ఆటకు పనికొచ్చే సంగతి ఒక్కటీ దొరకలేదు. భుజం వాచిందనీ లేదు, ఊపిరి ముందే వదిలేశావనీ లేదు. గోడ మీది కుర్రాళ్ళు ఆట అయిపోకముందే దిగి వెళ్ళిపోయారు. వాళ్ళకు ఆట నచ్చకపోవడం నిజమే అయినా చివరిదాకా చూసే ఓపిక లేదు. బాలమ్మ వాళ్ళు పేర్లు చదివేదాకా అక్కడే ఉన్నారు. ఆ రోజు నేను చూసినంతవరకు తేడా ఇంతే.

వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా. సాయంత్రం ఆటకు వెళితే రోడ్డు వైపు గోడ దగ్గర కూర్చోకండి. భవనం వైపు, ఇసుక దగ్గర కూర్చోండి. నాలుగు దాటాక నీడ అక్కడికే వస్తుంది, నీళ్ళ డ్రమ్ము పక్కనే ఉంటుంది, అరిచిన మాట కూడా అక్కడి నుంచి పూర్తిగా వినిపిస్తుంది.