చెల్లెలు చెప్పిన జవాబు

నా చిన్నప్పుడు మా నాన్న కర్నూలులో పెద్ద చదువుల పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెప్పేవాడు. ఆయన దగ్గర ఎమ్మే చదవడానికి నల్లమలలోని ఒక చెంచుగూడెం నుంచి ఒక అన్న వచ్చాడు. వాళ్ల గూడెంలో అంతదాకా చదివింది అతనొక్కడే. హాస్టల్ తిండి పడక ఆదివారాలు మా ఇంటికొచ్చేవాడు. అమ్మ జొన్నరొట్టెలు చేసేలోపు వాకిట్లో కూర్చుని నాకు పిట్టల కూతలు నేర్పేవాడు.

చివరి ఏడాది పరిశోధన కోసం, పిల్లల తెలివిని కొలిచే ప్రశ్నలు పట్టుకొని తన గూడేనికే వెళ్లాడు. వారం తర్వాత తిరిగొచ్చి, కాగితాలు నాన్న ముందు పెట్టి నిలబడిపోయాడు. ఇంటికి నిప్పంటుకుంటే ఏం చేస్తావన్నది వాటిలో ఒక ప్రశ్న. పెద్దవాళ్లను పిలుస్తానంటేనే మార్కు. అతని ఏడేళ్ల చెల్లెలు అలా చెప్పలేదు.

"తమ్ముణ్ణి సంకనేసుకొని వాగులోకి దిగుతా అనింది సార్. పోయిన ఎండాకాలం గుడిసె అంటుకుంటే అట్లే చేసింది. దానికి సున్నా ఎట్ల వేసేది?"

ఆ పిల్ల జవాబు సరైనదేనని నాన్న యూనివర్సిటీలో పైవాళ్లకు రాశాడు. రెండుసార్లు స్వయంగా వెళ్లి అడిగాడు. పుస్తకంలో ఉన్నట్టు మార్కులు వేయకపోతే పరిశోధన చెల్లదన్నారు. అలా వేస్తే గూడెం పిల్లల్లో సగంమంది మందబుద్ధుల కిందికి వస్తారు. అన్న వేయనన్నాడు. అమ్మ బతిమాలినా వినలేదు.

అతను చదువు వదిలేసి వెళ్లిపోయే రోజు నాన్న నన్నూ బస్టాండుకు తీసుకెళ్లాడు. ఏదో ఒకటి చేసి ఆపేస్తాడనే అనుకున్నాను. మా నాన్నకు చేతకానిది ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. బస్సు కదలబోతుంటే ఆయన కిటికీ కమ్మీ పట్టుకొని, "తప్పు నీది కాదప్పా. నీ చెల్లెలిదీ కాదు. నాకే చేతకాలేదు" అన్నాడు. తర్వాత నాన్న రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. ఒకసారి గూడేనికి వెళ్తే, కూలిపనికి ఎటో పోయాడన్నారు.

నేనూ నాన్నలాగే మనస్తత్వశాస్త్రం చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. గూడేల నుంచి, తండాల నుంచి వచ్చి పరిశోధన చేసే పిల్లలు ఇప్పటికీ కడపలో మా ఇంటికి వస్తుంటారు. వాళ్ల కోసం రాయాల్సినవన్నీ రాస్తాను, అడగాల్సిన వాళ్లను అడుగుతాను. చాలాసార్లు ఏమీ జరగదు. మొన్న పరిశోధన ఆగిపోయిన ఒక అమ్మాయి, "నాకే తెలివి చాల్లేదేమో మేడం" అంటూ ఏడ్చింది. ఆమె చేయి పట్టుకొని, కాదమ్మా, నాకే చేతకాలేదని చెప్పాను. కన్నకూతురు పక్కనుండగా నాన్న ఆ మాట ఎలా అనగలిగాడో నాకిప్పటికీ అర్థం కాదు. కానీ ఆ మాట చెప్పకుండా మాత్రం ఇంతవరకూ అలాంటి పిల్లలెవరినీ ఇంటికి పంపలేదు.