మందు ముట్టని చాచా

తొంభైల చివర్లో వనపర్తిలో నేను పనిచేసే దవాఖానకు కంప్యూటర్ వచ్చినప్పుడు అందరూ దాన్ని టీవీ అన్నారు. పట్టుబట్టి మందుల గదిలో నా బల్ల మీదే పెట్టించుకున్నాను. రోగి వాడే మందుల పేర్లన్నీ అందులో కొడితే, ఒకదానికొకటి పడనివి ఉంటే తెర మీద ఎర్రగా హెచ్చరించేది. "ఇన్నేండ్లు నీ దిమాక్ సాలలేదా?" అని నర్సమ్మలు ఎగతాళి చేశారు. నా దిమాక్ మీద నాకెప్పుడూ అనుమానం లేదు. కానీ కిటికీ ముందు జాతరలా జనం మూగితే ఎవరి బుర్రయినా ఒక పేరు జారవిడుస్తుంది. ఆ డబ్బా విడవదు.

ఒకనాడు పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు చేసే చాచా కిటికీ దగ్గరికి వచ్చాడు. కాలి నరంలో రక్తం గడ్డకట్టి మా దగ్గరే పడుకుని, కాస్త నయమై ఇంటికి పోతున్నాడు. డాక్టరుగారు రక్తం పలచబడే గోలీ రాశారు. దానికి కొన్ని నొప్పి గోలీలు తోడైతే కడుపులో రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గట్టిగా అడిగాను.

"చాచా, ఇంట్ల వేరే మందు ఏమన్న వాడుతవా?"

ఆయన మొహం మాడిపోయింది. "తోబా తోబా. గదేం మాటమ్మ. గడ్డం నెరిసింది, గీ నోట్ల చుక్క వడలే. సంతల ఎవ్వర్నన్న అడుగు."

వెనక వరసలోవాళ్ళు నవ్వారు. మా వైపు మందంటే ముందు గుర్తొచ్చేది సీసాయే. నేనూ నవ్వి, "తాగేది కాదు చాచా, రోగానికి వాడేది" అన్నాను.

"నాకేం రోగమున్నది? గీ కాలు వాచింది, గంతే."

వేరే మందులు లేవని కొట్టాను. తెర కిమ్మనలేదు. గోలీల పొట్లం ఇస్తుంటే, "జర నీళ్ళియ్యమ్మ" అంటూ ఆయన జేబులోంచి ఇంకో గోలీల షీటు తీశాడు.

"ఏంది చాచా అది?"

"నడుం నొప్పి గోలీ. కిరాణం దుకాణంల దొరుకుతది. దినాం ఏస్కుంట. సంతల నిలవడాలె గద."

ఒళ్ళు మండింది. షీటు లాక్కుని దాని పేరు కొట్టగానే తెర ఎర్రబడింది.

"గోలీ మందు గాదా చాచా?"

"గోలీ గోలీనే గద" అన్నాడు.

డాక్టరుగారి దగ్గరికి పోయి నడుముకు వేరే గోలీ రాయించాను. కంప్యూటర్ తప్పేమీ లేదు, దానికి చెప్పిందే తెలుసు. మారాల్సింది నా ప్రశ్న. ఆనాటి నుంచి కిటికీ దగ్గర "మందు" అనడమే మానేశాను. గోలీ, సూది, కషాయం, పసరు అని ఒక్కొక్కటే అడిగేదాన్ని. నర్సమ్మలకూ నేర్పాను, ఎగతాళి చేసినవాళ్ళకు కాస్త గట్టిగానే.

చాచా మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేసరికి కాలి వాపు దిగింది. నేనడగకముందే వరసంతటికీ వినపడేలా చెప్పాడు.

"రాస్కో అమ్మ. మందు ముట్టలే, గోలీ ముట్టలే."

"నేనిచ్చిన గోలీ?" అన్నాను, గాభరాగా.

"గది నువ్విచ్చింది గద బిడ్డ. గదెట్ల ఇడుస్త?"

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా జేబు చూపించమన్నాను.